గుర్రాలలో లాయపు దురలవాట్లు

లాయపు దురలవాట్లు అనగా లాయంలో కట్టి పెంచే గుర్రాలలో కనిపించే, ఒకే రీతిలో మరలమరల జరిగే, పైకి ఏ ప్రయోజనమూ కనిపించని చేష్టలు. గాడి కొరకడం, గాలి పీల్చడం, నిలుచున్న చోటనే ఊగడం, గదిలో చుట్లు తిరగడం వీటిలో ముఖ్యమైనవి. జంతు ప్రవర్తనా శాస్త్రంలో ఇట్టివాటిని మూస ప్రవర్తనలు అంటారు. చాలాకాలం వీటిని గుర్రపు స్వభావంలోని లోపాలుగానే ఎంచేవారు. గుర్రాన్ని ఉంచే పద్ధతికీ, మేపే పద్ధతికీ ఈ చేష్టలతో గట్టి సంబంధం ఉన్నదని 1990 దశకం నుండి జరిగిన పరిశోధనల వలన తెలిసినది. ఇటువంటి గుర్రాలు కొత్త విషయాలు నేర్చుకొనడంలో ఇతర గుర్రాల కంటే వెనుకబడి ఉంటాయా అనే ప్రశ్నపై 2000 తరువాత అనేక ప్రయోగాలు జరిగినవి. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు.

పేరు, లక్షణాలు

ఇంగ్లీషులో వీటికి వాడుకలో ఉన్న పాత పేరుకు "లాయపు దుర్గుణాలు" అని అర్థం. దోషం గుర్రానిదే అన్న తీర్పు ఆ పేరులోనే ఇమిడి ఉన్నది. గుర్రాల వ్యాపారంలో ఈ తీర్పునకు డబ్బుతో కూడిన విలువ ఉన్నది. ఇంగ్లండులోని పందెపు గుర్రాల వేలాలలో గాడి కొరకడం, గాలి పీల్చడం, ఊగడం, చుట్లు తిరగడం అనే అలవాట్లు ఉంటే అమ్మకందారు ముందుగా ప్రకటించవలెనని నియమం ఉన్నది. ప్రకటించకుండా అమ్మిన గుర్రాన్ని కొన్నవారు తిరిగి ఇచ్చివేయవచ్చును. కనుక అలవాటును దాచే ప్రయత్నాలు, మెడకు పట్టీ బిగించి ఆపే ప్రయత్నాలు ఈ వ్యాపారమంత పాతవి.

గాడి కొరికే గుర్రం తన పై ముందుపళ్ళను గాడి అంచుపైగాని, తలుపు చెక్కపైగాని, కంచె గుంజపైగాని ఆనించి, మెడ కింది కండరాలను బిగించి వెనుకకు లాగుతుంది. ఆ క్షణంలో గొంతులోనికి గాలి పోయి త్రేన్పు వంటి చప్పుడు వినబడుతుంది. (ఇక్కడ గాడి అనగా పశువులకు మేత వేసే తొట్టి. తెలంగాణలో దొరల భవనాలకు వాడే గడి అనే మాట వేరు.) కొన్ని గుర్రాలు దేనినీ పట్టుకొనకుండానే మెడ వంచి ఇదే పని చేస్తాయి. దానిని గాలి పీల్చడం అంటారు. ఆ గాలి కడుపులోనికి పోయి నొప్పి కలిగిస్తుందని పూర్వం నమ్మేవారు. 1995లో పాల్ మెక్‌గ్రీవీ, అతని సహచరులు ఎక్స్‌రే, ఎండోస్కోపీ సాయంతో పరిశీలించగా, గాలి ఆహారనాళపు పై భాగం వరకు పోయి అందులో అధిక భాగం తిరిగి వెలుపలికే వస్తున్నదని తేలినది. కాబట్టి గాలి మింగడం అని కొందరు వాడే పేరు సరియైనది కాదు.

ఊగడం అనగా గుర్రం లాయపు తలుపు వద్ద నిలబడి తలను, మెడను, ఒక్కొక్కప్పుడు ముందరి కాళ్ళను కూడా ఎడమకు, కుడికి ఆపకుండా మార్చి మార్చి కదిలించడం. దీనికి ఇంగ్లీషులో ఉన్న పేరు నేతపనికి సంబంధించినది. సిరిసిల్లలో మగ్గంపై నాడె అటునుండి ఇటు, ఇటునుండి అటు పోవడం చూసినవారికి ఆ పోలిక ఎక్కడి నుండి వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. దాణా వేళకు కొంచెం ముందు, పక్క గుర్రాన్ని బయటకు తీసుకొనిపోయినప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చుట్లు తిరిగే గుర్రం గదిలో గోడల వెంబడి ఒకే దారిలో నడుస్తూ నేలపై బాట పడేటట్లు చేస్తుంది. ఊరక కర్ర కొరికి నమలడాన్ని కొందరు ఇందులో చేర్చినా, అది కచ్చితంగా ఒకే రీతిలో జరిగే చేష్ట కాదు గనుక పరిశోధకులు దానిని వేరుగా లెక్కిస్తారు.

తెలుగు దేశంలో గుర్రం, లాయం

దక్కను పీఠభూమిలోను, కోస్తాలోను గుర్రం ఎప్పుడూ ఖరీదైన జంతువే. మేలు జాతి గుర్రాలు సముద్రం మీదుగా అరేబియా, పర్షియా తీరాల నుండి వచ్చేవి. కాకతీయుల సైన్యంలో అశ్వ, గజ దళాల అధిపతులకు సాహిణి అనే బిరుదు ఉండేది. గణపతిదేవుని కాలపు కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరు ఇందుకు ఉదాహరణ. విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు ఏటా 13,000 గుర్రాలను కొనేవాడని వ్రాసినాడు. ఈ సంఖ్యను యథాతథంగా తీసుకొనకపోయినా, ఏటా అన్ని గుర్రాలు కొనవలసి రావడానికి యుద్ధాలు ఒక్కటే కారణం కాదు. 13వ శతాబ్ది చివర తమిళ తీరాన్ని చూసిన మార్కో పోలో, అక్కడ గుర్రాలకు వండిన అన్నం, మాంసం పెడతారని, వాటిని సాకడం తెలిసినవారు లేనందున అవి నిలువవని చెప్పినాడు. ఆయన మాటలలో అతిశయోక్తి ఉండవచ్చును. గుర్రం చావుకు మేత, పోషణ కారణమని ఆయన గుర్తించడం మాత్రం గమనింపదగినది.

సంస్కృతంలో శాలిహోత్రుని పేరుతోను, నకులుని పేరుతోను అశ్వశాస్త్రాలు ఉన్నవి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసము రచించినాడు. ఈ సంప్రదాయంలో గుర్రపు సుళ్ళకు, రంగుకు, అవయవ లక్షణాలకు ఎక్కువ ప్రాముఖ్యం ఉండేది. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి కీడు అన్న నమ్మకం గుర్రాల సంతలలో నేటికీ వినబడుతుంది. దోషం పుట్టుకతో వచ్చినదే అన్న దృష్టి ఇక్కడా ఉన్నది.

అయితే కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులు చెప్పే ప్రకరణం మరొక విధంగా ఉన్నది. అందులో లాయపు కొలతలు, గుర్రం పొర్లడానికి నడుమ నేల, ప్రతి గుర్రానికి దాని పొడవును బట్టి గది వైశాల్యం, మేతకు వేరు గూడు, మలమూత్రాలు పోయే దారి నిర్దేశింపబడినవి. అంతేకాక లాయంలో కోతులు, నెమళ్ళు, జింకలు, ముంగిసలు, చకోరాలు, చిలుకలు, గోరింకలు ఉండవలెనని కూడా చెప్పబడినది. వీటిని గుర్రానికి తోడుగానే ఉద్దేశించినారని చెప్పడం కష్టం. విషం, కీడు వంటివి ముందుగా పసిగట్టడానికే కావచ్చును. ఏ ఉద్దేశంతోనైనా, ఆ లాయంలోని గుర్రం నాలుగు గోడల నడుమ ఒంటరిగా ఉండేది కాదు. నేటి లాయాలలో లేనిది సరిగా అదే.

మధ్యయుగాల నుండి దండులలో గుర్రాలను ఆరుబయట వరుసగా కట్టేవారు. తలకు కట్టే తాళ్ళను అగాడి అని, వెనుక కాళ్ళకు కట్టే తాళ్ళను పిచ్చాడి అని అంటారు. ఇందులో కదలిక తక్కువే గాని పక్క గుర్రం కంటికి కనిపించేది. ఒక్కొక్క గుర్రానికి ఒక్కొక్క మూసిన గది అనే పద్ధతి మన దేశంలో ముఖ్యంగా ఆంగ్లేయుల కాలంలో పందెపు గుర్రాలతో వ్యాపించినది. హైదరాబాదులో గుర్రపు పందేలు 1868లో మౌలాలీలో ప్రారంభమై, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1886లో మలక్‌పేటకు మారినవి. తెలంగాణలో థరోబ్రెడ్ జాతి గుర్రాలు పెద్ద సంఖ్యలో ఒకేచోట లాయాలలో ఉండే ప్రదేశం నేటికీ ఇదే. పందెపు గుర్రం ఏ దేశంలోనైనా వ్యాయామానికి పోయే ఒకటి రెండు గంటలు తప్ప మిగిలిన రోజంతా గదిలోనే గడుపుతుంది.

ఎందుకు ఏర్పడతాయి

స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో సుమారు 16 గంటలు మేస్తూ, మెల్లగా నడుస్తూ ఉంటుంది. మందతో ఉంటుంది. ఇట్టి గుర్రాలలో ఈ అలవాట్లు కనిపించవు. గుర్రపు జీర్ణకోశం కూడా ఇందుకు తగినట్లే ఉన్నది. మనిషి కడుపులో ఆమ్లం ముఖ్యంగా భోజన వేళకు ఊరుతుంది. గుర్రం కడుపులో అది ఎల్లప్పుడూ ఊరుతూనే ఉంటుంది. గడ్డి నమిలేటప్పుడు ఊరే లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు దాణా పెట్టి, గడ్డి తక్కువగా వేస్తే, నమలడం తగ్గిపోతుంది, లాలాజలం తగ్గుతుంది, ఖాళీ కడుపులో ఆమ్లం మిగిలిపోతుంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. యజమాని లెక్కలో ఖర్చు అంటే దాణాయే. ఉలవలకు ఇంగ్లీషులో ఉన్న పేరు సైతం గుర్రం పేరుతో కలిసినదే. గుర్రం లెక్కలో మాత్రం అసలు ఆహారం గడ్డి. దాణా దానికి తోడు మాత్రమే. ఈ రెండు లెక్కల మధ్య తేడాయే ఈ వ్యాసంలోని విషయానికి మూలమని చెప్పవచ్చును.

1995లో బ్రిటన్‌లోని థరోబ్రెడ్ లాయాలపై మెక్‌గ్రీవీ బృందం జరిపిన సర్వేలో, రోజుకు 6.8 కిలోగ్రాముల కంటే తక్కువ గడ్డి వేసిన చోట్ల అసహజ ప్రవర్తనలు ఎక్కువగా ఉన్నట్లు తేలినది. గడ్డి పరుపుకు బదులు వేరే పరుపు వాడినచోట, గుర్రాలు ఒకదానినొకటి చూడలేని కట్టడం ఉన్నచోట కూడా ఇదే ఫలితం.

ఈ విషయంలో అన్నిటికంటే విలువైనది వాటర్స్, నికోల్, ఫ్రెంచ్ అనే ముగ్గురు 2002లో ప్రకటించిన అధ్యయనం. అలవాటు వచ్చిన గుర్రాలను వెతికి కారణాలు ఊహించడానికి బదులు, వారు 225 పిల్లలను నాలుగేళ్ళపాటు వెంబడించి చూసినారు. అందులో 10.5 శాతం పిల్లలకు గాడి కొరికే అలవాటు వచ్చినది. అది మొదలైన మధ్యస్థ వయస్సు 20 వారాలు. ఊగే అలవాటు 4.6 శాతానికి, సుమారు 60 వారాల వయస్సులోను, చుట్లు తిరగడం 2.3 శాతానికి, సుమారు 64 వారాల వయస్సులోను వచ్చినవి. తల్లి పాలు మాన్పించిన వెంటనే దాణా మొదలుపెట్టిన పిల్లలలో గాడి కొరకడం నాలుగు రెట్లు ఎక్కువ. పాలు మాన్పించినప్పుడు లాయంలో మూసి ఉంచిన పిల్లలకంటే బయలులో ఉంచినవాటి పరిస్థితి మెరుగు. అనగా పందెపు గుర్రాన్ని కొని లాయంలోకి తెచ్చేసరికే అలవాటుకు పునాది పడి ఉంటుంది. అప్పుడు గుర్రపువాడిని తిట్టి ప్రయోజనం లేదు.

గాడి కొరికే చిన్న పిల్లల కడుపులో పుండ్లు, వాపు ఎక్కువగా ఉన్నట్లు నికోల్ బృందం కనుగొన్నది. ఆమ్లాన్ని తగ్గించే మేత పెట్టినప్పుడు కొరకడం తగ్గినది. కొరకడం ద్వారా గుర్రం లాలాజలాన్ని ఊరించుకొంటున్నదా అనే ఊహ దీనినుండి వచ్చినది. పెద్ద గుర్రాలపై జరిగిన అధ్యయనాలన్నీ ఈ సంబంధాన్ని సమర్థించలేదు. అలవాటు పుట్టడానికి ఉన్న కారణమూ, అది ముదిరిన తరువాత సాగడానికి ఉన్న కారణమూ ఒకటే కావలసిన అవసరం లేదు.

జాతికి కూడా పాత్ర ఉన్నది. అమెరికాలో 2009లో ప్రకటింపబడిన ఒక సర్వేలో గాడి కొరికేవి మొత్తం గుర్రాలలో 4.4 శాతం కాగా, థరోబ్రెడ్ జాతిలో 13.3 శాతంగా ఉన్నవి. అయితే థరోబ్రెడ్ గుర్రాలను పెంచే పద్ధతి కూడా వేరు గనుక ఇందులో రక్తం పాలెంత, లాయం పాలెంత అని విడదీయడం సులభం కాదు.

గుర్రం నేర్చుకొనే విధానం

గుర్రపు శిక్షణలో అధిక భాగం ఒత్తిడి, దాని తొలగింపు మీద ఆధారపడి ఉంటుంది. రౌతు కాలితో పక్క నొక్కుతాడు. గుర్రం ముందుకు కదలగానే నొక్కడం ఆపుతాడు. ఆ ఊరట కోసం గుర్రం మరుసటిసారి త్వరగా కదులుతుంది. దీనిని మనోవిజ్ఞానంలో రుణాత్మక పునర్బలనం అంటారు. ఇక్కడ రుణాత్మకం అనగా శిక్ష కాదు, ఏదో ఒకటి తీసివేయడం అని మాత్రమే. మేత ఇచ్చి నేర్పడం ధనాత్మక పునర్బలనం. ప్రయోగశాలలో ఎక్కువగా దీనినే వాడుతారు. నేర్పిన పనికి ఫలితం ఇవ్వడం మానివేసినప్పుడు ఆ పని క్రమంగా ఆగిపోవడం విరమణ.

గుర్రం మనిషిని ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం కథ వలన లోకానికి తెలిసినది. లెక్కలు చేసి కాలి గిట్టతో జవాబు తట్టుతుందని పేరుపొందిన ఈ గుర్రం, నిజానికి ప్రశ్నించేవారి తల కదలికను చూసి తట్టడం ఆపుతున్నదని ఆస్కార్ ఫంగ్‌స్ట్ 1907లో నిరూపించినాడు. అందుకే గుర్రాలపై ప్రయోగం చేసేవారు తాము గుర్రానికి కనిపించకుండా జాగ్రత్తపడతారు.

దురలవాటు ఉన్న గుర్రాలపై ప్రయోగాలు

ఫ్రాన్సులోని రెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ హౌస్‌బెర్గర్ బృందం 2007లో ఒక సులభమైన పరీక్షను పెట్టినది. మేత ఉన్న చెక్కపెట్టె మూతను గుర్రం ముక్కుతో ఎత్తి తెరవవలెను. దురలవాట్లు ఉన్న గుర్రాలలో తెరవగలిగినవి తక్కువ. తెరిచినవి కూడా ఎక్కువ సమయం తీసుకొన్నవి. ఈ గుర్రాలు పడుకొని విశ్రమించే సమయం కూడా తక్కువగా ఉన్నట్లు కనిపించినది. నిద్ర చాలని జీవి ఏదైనా చదువులో వెనుకబడుతుంది గనుక ఈ చిన్న విషయం చివరి వరకు గుర్తుంచుకొనదగినది.

అదే ఏడాది బ్రిటన్‌లో హెమింగ్స్, మెక్‌బ్రైడ్, హేల్ వేరొక ప్రశ్న వేసినారు. గుర్రం ఒక పని చేస్తే మేత వస్తుందని నేర్చుకొన్న తరువాత, మేత రావడం ఆపివేసి, ఎంతకాలం ఆ పని చేస్తూ ఉంటుందో లెక్కించినారు. గాడి కొరికే గుర్రాలు ఇతర గుర్రాల కంటే చాలా ఎక్కువసార్లు, వృథా అని తెలియవలసిన తరువాత కూడా, అదే పని చేసినవి. నేర్చుకొనడంలో అవి వెనుకబడలేదు. నేర్చినదానిని వదలడంలో వెనుకబడినవి. ఈ రెండూ ఒకటి కావు. మందబుద్ధి అన్న మాట ఇక్కడ ఏ విధంగానూ సరిపోదు.

దీనికి మెదడులో ఆధారం ఉన్నదా అని మెక్‌బ్రైడ్, హెమింగ్స్ 2005లోనే వెతికినారు. గాడి కొరికే గుర్రాల మెదడులో డోపమీన్ గ్రాహకాల సాంద్రత కొన్ని భాగాలలో సాధారణం కంటే ఎక్కువగాను, కాడేట్ అనే భాగంలో తక్కువగాను ఉన్నట్లు వారు ప్రకటించినారు. ఏదైనా పనిని మొదట ఫలితం కోసం చేస్తాము. అలవాటు కుదిరిన తరువాత ఫలితం గురించి ఆలోచన లేకుండానే చేస్తాము. రోజూ తాళం వేసే మనిషి, వేసినానో లేదో అని వీధి మలుపు నుండి తిరిగి రావడం ఇట్టిదే. ఫలితాన్ని బట్టి పని చేయించే మెదడు భాగం నుండి అలవాటును బట్టి పని చేయించే భాగానికి అధికారం మారడం ఈ గుర్రాలలో త్వరగా జరుగుతుందని ఈ పరిశోధకుల అభిప్రాయం. పార్కర్, అతని సహచరులు 2008లో జరిపిన ఎంపిక పరీక్షలు కూడా ఈ వైపుకే చూపినవి.

అయితే మెదడులోని ఈ తేడా అలవాటుకు కారణమా, ఏళ్ళ తరబడి కొరకడం వలన కలిగిన ఫలితమా, లేక రెంటికీ వెనుక ఉన్న దీర్ఘకాలపు ఒత్తిడి గుర్తా అన్నది ఇట్టి కొలతల వలన తేలదు. గుర్రం చనిపోయిన తరువాతనే మెదడును కొలవగలము గనుక ముందు వెనుకలను పోల్చడం సాధ్యం కాదు.

స్విట్జర్లాండులో సబ్రినా బ్రీఫర్ ఫ్రేమాండ్ బృందం జరిపిన పరిశోధనలు ఈ చర్చను మలుపు తిప్పినవి. 2015లో వారు గుర్రాలకు ఒత్తిడి హార్మోనును పెంచే మందు ఇచ్చి లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిచినారు. ఆ సమయంలో గాడి కొరికిన గుర్రాలలో కార్టిసాల్ సాధారణ గుర్రాల స్థాయిలోనే ఉన్నది. అలవాటు ఉండి కూడా ఆ సమయంలో కొరకనివాటిలో అది ఎక్కువగా పెరిగినది. తరువాత దారి వెతికి మేత చేరే అభ్యసన పరీక్షలు పెట్టినప్పుడు, గాడి కొరికే గుర్రాలు ఇతర గుర్రాలతో సమానంగానే నెగ్గినవి. పరీక్షల నడుమ కొరకడానికి అవకాశం ఉండి, దానిని వాడుకొన్న గుర్రాలలో ఒత్తిడి తక్కువగా ఉన్నది.

ఈ ఫలితాన్ని పాత ప్రయోగాలతో కలిపి చదివితే ఒక సందేహం కలుగుతుంది. అంతకు పూర్వపు పరీక్షలలో కొన్ని గుర్రాలు "నేర్చుకొనలేకపోయినవి" అన్నప్పుడు, నిజంగా కొలువబడినది వాటి తెలివియా, లేక కొరకడానికి ఏమీ దొరకని కొత్త చోట నిలబెట్టినందున కలిగిన కలతయా? రెండవదానికి అవకాశం ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విరమణ పరీక్షల ఫలితాన్ని మాత్రం ఈ సందేహం పూర్తిగా కొట్టివేయదు.

చూసి నేర్చుకొంటాయా?

ఒక గుర్రం గాడి కొరికితే పక్క గుర్రం చూసి నేర్చుకొంటుందని గుర్రాలు పెంచేవారిలో గట్టి నమ్మకం ఉన్నది. ఈ భయంతో అలవాటున్న గుర్రాన్ని దూరంగా, ఒంటరిగా కట్టివేస్తారు. పైన చెప్పిన 2009 అమెరికా సర్వేలో యజమానులలో సుమారు సగం మంది ఇట్లే నమ్మినారు. అదే సర్వేలో, కొరికే గుర్రం పక్కన ఉన్న తరువాత అలవాటు పొందిన గుర్రాలు 1 శాతం మాత్రమే. ఒక గుర్రాన్ని చూసి మరొక గుర్రం కొత్త పని నేర్చుకొంటుందా అని నికోల్ బృందం 1999లో జరిపిన ప్రయోగంలో కూడా అట్టి అనుకరణ కనిపించలేదు. ఒకే లాయంలో పలు గుర్రాలకు అలవాటు ఉంటే, అవన్నీ ఒకే మేత తిని, ఒకే గోడలు చూసి పెరిగినవని మొదట తలచవలెను. ఒంటరితనమే ఈ అలవాట్లకు ఒక కారణం కాగా, అంటు సోకుతుందని ఒంటరిగా కట్టడం వ్యాధిని పెంచే వైద్యం వంటిది.

నివారణ

పూర్వం నుండి వాడుకలో ఉన్న సాధనం మెడ పట్టీ. ఇది గొంతు వద్ద బిగుతుగా ఉండి, మెడ కండరాలు బిగించినప్పుడు నొప్పి కలిగిస్తుంది. గాడి అంచులకు చేదు పూత పూయడం, ఇనుప రేకు కొట్టడం, ఊగే గుర్రం తలుపుకు నిలువు కడ్డీలు అమర్చడం కూడా చేస్తారు. స్వీడన్ పశువైద్యుడు ఫోర్సెల్ 1926లో మెడ కింది కండరాలను కోసి తీసే శస్త్రచికిత్సను ప్రవేశపెట్టినాడు. దాని మార్పులు తరువాత కూడా వాడుకలో ఉన్నవి. 1998లో మెక్‌గ్రీవీ, నికోల్ కొరకడాన్ని ఒక రోజు పాటు ఆపి, మరల అవకాశం ఇచ్చినప్పుడు గుర్రాలు మునుపటికంటే ఎక్కువగా కొరికినవి. అనగా అడ్డగింపు వలన కోరిక తగ్గలేదు, పోగుపడినది. కడ్డీల వెనుక ఉన్న గుర్రం తల బయట పెట్టకుండా లోపలనే ఊగుతుంది.

అలవాటు హానికరం కాదని దీని అర్థం కాదు. పళ్ళు అరుగుతాయి. గాడి కొరికే గుర్రాలలో పేగు ఒక ఇరుకు సందులో చిక్కుకొని వచ్చే ఒక రకం శూల ఎక్కువని తెలిసినది. ఇది శస్త్రచికిత్స లేకుంటే ప్రాణం తీస్తుంది. అయినా పళ్ళు అరుగుతున్నవని నోరు కట్టివేయడానికీ, అవి అరగడానికి కారణమైన ఆకలిని తీర్చడానికీ తేడా ఉన్నది.

మేలు చేసిన మార్పులు సాధారణమైనవే. రోజంతా అందేటట్లు గడ్డి వేయడం, ఒకటికి రెండు మూడు రకాల గడ్డి కలిపి ఉంచడం, దాణాను తగ్గించి ఎక్కువ సార్లు పంచడం, బయలులో ఇతర గుర్రాలతో వదలడం. కూపర్, మెక్‌డొనాల్డ్, మిల్స్ 2000లో లాయపు గోడలకు కిటికీలు తెరిచి పక్క గుర్రాలు కనిపించేటట్లు చేయగా ఊగడం బాగా తగ్గినది. 2002లో మెకాఫీ, మిల్స్, కూపర్ గదిలో అద్దం అమర్చి చూడగా అప్పుడు కూడా తగ్గినది. అద్దంలోనిది తన నీడ అని గుర్రానికి తెలియదనుకొన్నా, తెలుసుననుకొన్నా, ఒక గుర్రపు ముఖం ఎదుట ఉండడమే చాలినట్లున్నది.

రుద్రంగి, కోరుట్ల ప్రాంతంలో పరిశీలన

2019 పశుగణన ప్రకారం భారతదేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 3.4 లక్షలు. 2012తో పోల్చితే ఇది దాదాపు 45 శాతం తక్కువ. రుద్రంగి 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండలంగా ఏర్పడినది. అంతకు పూర్వం కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలో ఉండేది. ఇటువంటి ప్రాంతంలో గుర్రం కంటబడేది ముఖ్యంగా పెళ్ళి ఊరేగింపులలో. పెళ్ళి గుర్రం పందెపు గుర్రం వలె ఖరీదైనది కాకున్నా, పని లేని నెలలలో గుంజకు కట్టి ఉండడం, ఒంటరిగా ఉండడం దానికీ తప్పదు. గుర్రం లేని ఇంటి వారు కూడా ఇట్టి ప్రవర్తనను పశువులలో చూడవచ్చును. ఎల్లవేళలా కట్టి ఉంచి, గడ్డి తక్కువగా వేసిన ఆవు నాలుకను బయటకు చాచి మెలితిప్పుతూ ఉండడం ఇదే కోవకు చెందినది. మన దగ్గర దొరికే వరిగడ్డి, జొన్న చొప్ప పోషణలో గొప్పవి కాకున్నా నమలడానికి పనికివస్తాయి. వాటిని శుభ్రంగా, బూజు లేకుండా, దాణాతో పాటు కాక రోజంతా అందుబాటులో ఉంచవలెను.

రుద్రంగికి సమీపంలోని కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల 1946 నాటిది. గుర్రాలపై పరిశోధనకు ప్రత్యేకంగా హర్యానాలోని హిసార్‌లో జాతీయ కేంద్రం పనిచేస్తున్నది. ఇట్టి ప్రవర్తనను అధ్యయనం చేయడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గుర్రానికి కనిపించని చోట కూర్చొని, ఐదు నిమిషాలకు ఒకసారి గుర్రం ఆ క్షణంలో ఏమి చేస్తున్నదో వ్రాసుకొనవలెను: మేస్తున్నదా, నిలబడినదా, పడుకొన్నదా, ఊగుతున్నదా, కొరుకుతున్నదా. దాణాకు ముందు గంట, తరువాతి గంట తప్పక చూడవలెను. రాత్రి వేళ పడుకొన్న సమయం విడిగా లెక్కించవలెను. ఇట్లు వారం రోజులు వ్రాసిన తరువాతనే గడ్డి పెంచడం వంటి మార్పు చేసి, మరల వారం వ్రాయవలెను. ఒకేసారి గడ్డి, తోడు, గది మూడూ మార్చితే ఏది పనిచేసినదో తెలియదు.

అభ్యసన పరీక్షకు రెండు రంగుల బకెట్లు చాలును. రెండింటిలోను మేత ఉంచి, ఒకదానిపై గుర్రం ముక్కుతో తొలగించలేనట్లు మూత బిగించవలెను. అప్పుడు వాసన రెండింటి నుండీ ఒకే విధంగా వస్తుంది. గుర్రం సరియైన రంగును వరుసగా ఎన్నిసార్లకు ఎన్నుకొనగలిగినదో మొదట లెక్కించి, తరువాత బకెట్లను తారుమారు చేసి, పాత ఎంపికను ఎప్పుడు వదిలినదో రెండవ లెక్కగా వ్రాయవలెను. మొదటి లెక్క నేర్చుకొనడాన్ని, రెండవది వదలడాన్ని చూపుతుంది. గాడి కొరికే గుర్రమైతే, పరీక్ష జరిగే చోట దానికి అలవాటైన ఎత్తులో ఒక కర్ర గుంజను పాతి, ఒక్కొక్క ప్రయత్నం నడుమ రెండు మూడు నిమిషాలు దాని వద్ద వదలవలెను.